కుడివైపు నిలబడ్డ కుర్రాడు

కనుమ రాత్రి తొమ్మిదిన్నర. కోనసీమలో ఒక హైస్కూలు గ్రౌండు. సున్నపు గీతకి రెండడుగుల ఇవతల, గోనెపట్టా మీద మీరు కూర్చున్నారు. నాలుగు మూలలా పాతిన సరుగుడు బాదులకి లైట్లు కట్టారు. లైట్ల చుట్టూ పురుగులు ముసురుకున్నాయి. మంచు దిగుతోంది. వెనక జీళ్ళ బండి నుంచి బెల్లం వాసన, ముందు నుంచి తడిమట్టి వాసన. నిన్న ఎర్రమట్టి తోలించి, రంపపు పొట్టు కలిపి, నీళ్ళు చల్లి రోలరు తిప్పిన కోర్టు అది. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నాడు. ప్రహరీ గోడ మీద ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. వాళ్ళలో ఒకావిడ మాటిమాటికీ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. చలిలో అంత చెమటేమిటా అని మీరనుకుంటారు. ఆవిడ కొడుకు కోర్టులో ఉన్నాడు.

ఆట మొదలయ్యే ముందు అంపైరు ఒక్కొక్కడి చేతులూ పట్టుకుని గోళ్ళు చూశాడు. మెడలో గొలుసులు, చేతి కడియాలు తీయించాడు. నూనె రాసుకొచ్చారేమోనని భుజాలు తడిమాడు. రూలు పుస్తకంలో అవన్నీ ఉన్నాయి. కూతకొచ్చినవాడి నోరు మూయకూడదని, గొంతు నొక్కకూడదని, కాళ్ళ కత్తెర వెయ్యకూడదని కూడా ఉంది. గోరు గీరుకుంటుందేమోనని అంత జాగ్రత్తపడే ఈ ఆటలో ఒకడి తలకి దెబ్బ తగిలితే మా ఊళ్ళ గ్రౌండ్లలో ఏం జరుగుతుందో చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఈసారి మీరు కూడా నా పక్కన కూర్చుని చూడాలి.

స్కోరు 27-26. మనవాళ్ళే ఒక పాయింటు ముందున్నారు. సెకండాఫ్‌లో ఇంక నాలుగు నిమిషాలుంది. అవతలి జట్టు రైడర్ మధ్యగీత దాటి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మనిషి చెక్కినట్టున్నాడు. అతని కుడి చెవి చూడండి, ఎండి ముడుచుకుపోయిన ఆకులా ఉంది. ఎప్పుడో ఎవడి భుజమో రాసుకుని చెవిలో రక్తం గడ్డకట్టింది, తీయించుకోలేదు. మృదులాస్థికి, చర్మానికి మధ్య చేరిన ఆ రక్తాన్ని వారం పది రోజుల్లోపు డాక్టరు తీసేస్తే చెవి చెవిలా ఉంటుంది. లేకపోతే జీవితాంతం ఇలాగే. కుస్తీ పట్టేవాళ్ళకి అది పతకం లాంటిది. కబడ్డీలోనూ అలాంటి చెవులు కనిపిస్తూనే ఉంటాయి.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." కూత సన్నగా, ఎడతెగకుండా సాగుతోంది. 30 సెకన్లలో వెళ్ళి రావాలి. ఎడమ కార్నర్‌లో నాలుగో నెంబరు బనీను కుర్రాడు, ఇంటర్ రెండో సంవత్సరం, మోకాళ్ళు వంచి కూర్చున్నట్టుగా నిలబడ్డాడు. పక్కవాడి చెయ్యి వదిలేశాడు. రైడర్ ఎడమ కాలు బోనస్ గీత మీదికి చాచాడు.

కుర్రాడు దూకాడు.

చీలమండ పట్టు అంటే చేతులు ముందుకి, ఛాతీ నేలకి, తల ఎదుటివాడి మోకాలు ఎత్తున. పట్టు దొరికిన మరుక్షణం రైడర్ కాలు విదిలించుకుంటాడు. విదిలించుకోకపోతే అతను రైడరే కాదు. ఆ విదిలింపులో రెండో మోకాలు పైకి లేస్తుంది. ఇందులో తప్పు చేసినవాడెవడూ లేడు, ఫౌలూ లేదు. ఆట ఆడాల్సినట్టే ఆడారు. మోకాలు వచ్చి కుర్రాడి ఎడమ కణతకి తగిలింది.

ఆ చప్పుడు మీకు వినబడింది. ఎండు కొబ్బరికాయ చెట్టు మీంచి మెత్తటి నేల మీద పడితే వచ్చే చప్పుడు. గోడ మీద ఆవిడకీ వినబడినట్టుంది, లేచి నిలబడింది.

మైకు దగ్గరవాడికి మాత్రం వినపడలేదు. ఎందుకంటే పట్టు వదల్లేదు కుర్రాడు. ఆ లిప్తలో మిగతా వాళ్ళు వచ్చి రైడర్ మీద పడ్డారు, కూత ఆగిపోయింది, విజిల్ పడింది. 28-26. గ్రౌండంతా ఒక్కసారి లేచింది. ఈలలు, డప్పులు, ఎవరో తువ్వాలు గాల్లోకి విసిరాడు. నలుగురు స్నేహితులు కుర్రాడి చంకల్లో చేతులేసి లేపారు, కౌగిలించుకున్నారు, మెచ్చుకోలుగా నెత్తి మీద ఫెడేల్న చరిచారు. కుర్రాడు నవ్వాడు కూడా. మట్టి దులుపుకుని తన చోటికి నడిచాడు.

కుడివైపుకి నడిచాడు.

వెయ్యి మంది చూస్తున్నారక్కడ. ఎడమ కార్నర్‌లో ఆడేవాడు పోయి కుడి కార్నర్‌లో నిలబడితే, అప్పటికే అక్కడున్నవాడు నవ్వి, "ఇటు కాదెహే, అటు" అని తోశాడు. అంతే, ఇంకెవరికీ పట్టలేదు. ఒక్క డ్రిల్లు మేస్టారు మాత్రం స్కోరు బల్ల దగ్గర కుర్చీలోంచి లేచారు. ఆయన ఈ స్కూల్లోనే పాతికేళ్ళకి పైగా చేసి రిటైరయ్యారు. పంచె ఎగగట్టి కోర్టులోకి వస్తూ టైమౌట్ ఇమ్మని అంపైరుకి రెండు చేతులతో సైగ చేశారు.

మీరు కాస్త ముందుకి వంగండి, మాటలు వినిపిస్తాయి.

"ఏరా, ఎక్కడున్నావ్?"

"గ్రౌండులోనండి."

"ఏ గ్రౌండు?"

"మనదేనండి, మేస్టారూ."

"ఇది ఫస్టాఫా, సెకండాఫా?"

కుర్రాడు లైట్ల వైపు చూశాడు. కళ్ళు చికిలించాడు. జవాబు రాలేదు.

"ఇందాక పాయింటు ఎవడు తెచ్చాడు?"

కుర్రాడు పక్కవాళ్ళ మొహాల్లోకి చూశాడు, ఎవరైనా అందిస్తారేమోనని. గ్రౌండు గ్రౌండంతా ఇంకా ఈలలేస్తున్న ఆ పట్టు తనదేనని అతనికి తెలీదు.

ఈ ప్రశ్నలు మేస్టారు పుట్టించినవి కావు. 1995లో ఆస్ట్రేలియాలో మాడాక్స్ అనే ఆయన, అతని తోటివాళ్ళు ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద పరీక్షించి పెట్టినవి. "నీ పేరేంటి, ఇవాళ ఏ వారం" అని అడిగితే తలకి దెబ్బ తగిలినవాడు కూడా తడుముకోకుండా చెప్పేస్తాడు. ఇప్పుడిప్పుడే జరిగిన దాన్ని అడిగితేనే లోపల ఏదో తెగిందని బయటపడుతుంది. ఎక్కడున్నాం, ఇది ఏ సగం, చివరి పాయింటు ఎవరిది, పోయిన మ్యాచ్ ఎవరితో, అందులో గెలిచామా. ఈ అయిదూ నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. పల్లెటూరి కబడ్డీ జట్టుకి నేనొక్కటే కానుక ఇవ్వగలిగితే ఈ అయిదు ప్రశ్నలూ రాసిన అట్టముక్క ఇస్తాను.

కెప్టెన్ పరిగెత్తుకొచ్చాడు. "మేస్టారూ, నాలుగు నిమిషాలండి! ఆడికేం కాలేదండి, దిమ్మ తిరిగిందంతే. సోడా పడితే సర్దుకుంటాడు."

దిమ్మ తిరిగిందంతే. ఈ మాట మీరు చిన్నప్పటి నుంచీ వింటున్నారు. దిమ్మ తిరగడం, కళ్ళు బైర్లు కమ్మడం, చెవుల్లో గుయ్‌మనడం, తల దిమ్ముగా ఉండడం. డాక్టర్లు కంకషన్ అనేదాని లక్షణాలకి మన భాష ఎప్పుడో ఒక్కొక్కదానికీ పేరు పెట్టింది. పేరు పెట్టాక ఆ పేరు చివర 'అంతే' అని తగిలించి వదిలేశాం. కాలు విరిగితే 'విరిగిందంతే' అంటామా? స్పృహ తప్పి పడిపోతేనే తలకి దెబ్బ అని మన లెక్క. నిజానికి కంకషన్లలో ఎక్కువ భాగం స్పృహ తప్పకుండానే జరుగుతాయి. ఈ కుర్రాడు ఒక్క క్షణం కూడా స్పృహ తప్పలేదు. నవ్వాడు, నడిచాడు, నడిచిన వైపే తప్పు.

ఆ కణత లోపల ఏం జరిగిందో చూద్దాం. మెదడు మెత్తన. పండక్కి ఇంట్లో జున్ను వండితే గిన్నె అటూ ఇటూ ఊపినప్పుడు కదులుతుంది చూడండి, దాదాపు అంత మెత్తన. కిలో మూడు నాలుగు వందల గ్రాముల బరువుతో నీళ్ళలాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. మోకాలు పక్క నుంచి తగిలేసరికి పుర్రె గిరుక్కున తిరిగింది. లోపలి మెదడు వెనకబడింది, తర్వాత అందుకుంది, ఆగాల్సినచోట ఆగలేకపోయింది. పొరలు ఒకదాని మీద ఒకటి జారి సన్నటి నరాల తీగలు సాగాయి. సాగిన కణాల్లోంచి లవణాలు అటూ ఇటూ కారిపోతాయి. వాటిని మళ్ళీ సర్దుకోవడానికి మెదడుకి మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే దానికొచ్చే రక్తం తగ్గుతుంది. కొన్ని రోజులపాటు ఆ లోటుతోనే బండి లాగాలి. ఇది స్కానింగులో కనబడదు. తల మీద హెల్మెట్టున్నా ఈ తిప్పుడు ఆగదు.

ఆ లోటు తీరకముందే రెండో దెబ్బ తగిలితే? మెదడు ఒక్కసారిగా వాచిపోయే ప్రమాదం ఉంది, ముఖ్యంగా ఇరవై లోపు పిల్లల్లో. అరుదే, కాని వచ్చిందంటే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పదమూడేళ్ళ కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ తల నేలకి కొట్టుకుని, కాసేపు బయట కూర్చుని, అదే మ్యాచ్‌లో మళ్ళీ దిగాడు. ఆట అవగానే కుప్పకూలాడు. బతికాడు గాని మాట, నడక మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. అతని పేరు మీదే 2009లో ఆ రాష్ట్రం లిస్టెట్ చట్టం చేసింది. అనుమానం వస్తే చాలు పిల్లవాణ్ణి బయటికి తీయాలి, వైద్యుడి సంతకం లేకుండా మళ్ళీ దింపకూడదు. 2014కల్లా అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలు వచ్చేశాయి. మన గ్రౌండులో ఆ చట్టం లేదు. పంచె ఎగగట్టిన మేస్టారు ఉన్నారు.

"బెంచి మీద అయిదుగురు కూర్చున్నారు కదరా," అన్నారాయన కెప్టెన్‌తో. "పన్నెండు మందిని రాయించింది దేనికి? ఒకణ్ణి దింపు. వీడి ఆట అయిపోయింది."

"గెలిచే ఆటండీ..."

"అయిపోయిందన్నాను."

కుర్రాణ్ణి భుజం పట్టుకుని మీ గోనెపట్టా మీదికే తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఇప్పుడు అతని మొహం మీకు జానెడు దూరంలో ఉంది. ముక్కులోంచి సన్నగా రక్తం కారుతోంది. ఎవరో తల వెనక్కి వంచి నెత్తిన నీళ్ళు పోయబోయారు. మేస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. తల ముందుకి వంచి, ముక్కు కింది మెత్తటి భాగం రెండు వేళ్ళతో పట్టుకుని పది నిమిషాలు వదలకూడదు. వెనక్కి వంచితే రక్తం గొంతులోకి దిగి వాంతి తెప్పిస్తుంది. అప్పుడు ఆ వాంతి దెబ్బ వల్ల వచ్చిందో, మింగిన రక్తం వల్ల వచ్చిందో ఎవరికీ తెలీదు.

ఆయన చేతులకి ఇది ఈ రోజు రెండో పని. సాయంత్రం ఇదే గ్రౌండులో ఆడపిల్లల మ్యాచ్ జరిగింది. ఇద్దరు డిఫెండర్లు చేతులు పట్టుకుని చైన్‌గా ఒక్క రైడర్ మీదికి దూకారు. రైడర్ చటుక్కున కిందికి వంగి తప్పించుకుంది. ఇద్దరి తలలూ ఒకదానికొకటి ఢీకొన్నాయి, ఒక పిల్ల ముందు పన్ను ఊడి మట్టిలో పడింది. వాళ్ళ నాన్న ఆ పన్ను తీసి, మట్టంటిందని పంపు కింద బొటనవేలితో తోమబోతుంటే మేస్టారు అరిచిన అరుపు రోడ్డు దాకా వినబడింది. ఊడిన పన్ను వేరుకి సన్నటి సజీవ పొర అంటుకుని ఉంటుంది. తోమితే అది పోతుంది, అది పోతే పన్ను మళ్ళీ అతకదు. పైభాగం మాత్రమే పట్టుకుని, ఒక్క పది సెకన్లు నీళ్ళలో కడిగి, వీలైతే వెంటనే దాని గుంటలోనే పెట్టి రుమాలు కొరికి పట్టుకోమనాలి. వీలు కాకపోతే పాలు. టీ బడ్డీ అబ్బాయి ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్టు తెచ్చి గ్లాసులో పోసిచ్చాడు. పన్ను ఆ గ్లాసులో, పిల్ల నాన్న బండి వెనక, డెంటిస్టు దగ్గరికి. గంటలోపు చేరాలి, ఎంత ముందు చేరితే అంత మేలు. పాలపళ్ళకి మాత్రం ఇది వర్తించదు, వాటిని తిరిగి పెట్టకూడదు.

నోట్లో రబ్బరు గార్డు పెట్టుకుని ఉంటే ఆ పన్ను దక్కేదేమో. కంకషన్‌ని ఆపుతుందని ఎవరూ చెప్పలేరు గాని పళ్ళని కాపాడుతుంది. అయితే రైడర్‌కి కూత ఉంది. నోట్లో అడ్డముంటే కబడ్డీ అనే మాట స్పష్టంగా పలకదు, కూత తప్పిందని ఔటిచ్చేస్తారు. కాని పట్టే ఏడుగురికి కూత లేదు కదా. తమ వంతు వచ్చినప్పుడు తీసి జేబులో పెట్టుకోవచ్చు. ఇంత చిన్న సంగతి మన జట్లలో ఎవరికీ తట్టకపోవడం నాకు బాధగా ఉంటుంది.

"ఎవరు గెలుస్తున్నారు?" పక్కనున్న మిమ్మల్ని అడిగాడు కుర్రాడు.

మీరు చెప్పారు. తలూపాడు. రెండు నిమిషాల తర్వాత అదే గొంతుతో, అదే మాట. "ఎవరు గెలుస్తున్నారు?"

అప్పటికి ఆవిడ గోడ దిగి వచ్చేసింది. కొడుకు పక్కన చతికిలబడి మాట్లాడకుండా వాడి పాదం పట్టుకుని కూర్చుంది. వాడు మూడోసారి అడిగినప్పుడు ఆవిడ మీ వైపు చూసింది. ఆ చూపుకి మీ దగ్గర జవాబు లేదు. కుర్రాడు పక్కకి వంగి వాంతి చేసుకున్నాడు. కాసేపటికి మళ్ళీ ఒకసారి.

108కి ఫోన్ చేసింది మీరే. మీకది గుర్తుండదు, తర్వాత ఫోన్‌లో చూసుకుంటే తెలుస్తుంది.

అంబులెన్సు కాలవ గట్టు మీద పోతోంది. కుర్రాడు మెలకువగానే ఉన్నాడు. అమ్మా, ఆకలేస్తోంది అన్నాడు. ఆవిడ మొహం కాస్త తేటపడింది. మేస్టారి మొహం తేటపడలేదు, ఆయన మనసులో క్రికెటర్ రామన్ లాంబా ఉన్నాడు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో క్లబ్ మ్యాచ్. హెల్మెట్ లేకుండా బ్యాట్స్‌మన్ ముందు ఫీల్డింగ్ చేస్తుంటే బంతి నుదుటికి తగిలింది. లేచి, తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ మైదానం బయటికి వెళ్ళాడు. మూడో రోజున పోయాడు. కణత దగ్గర పుర్రె ఎముక పల్చన, దాని లోపలి వైపు ఆనుకుని ఒక రక్తనాళం పోతుంది. అది తెగితే మనిషి మొదట్లో మాట్లాడతాడు, తింటానంటాడు, గంటా రెండు గంటలు బాగానే ఉంటాడు. లోపల రక్తం చేరి మెదణ్ణి నొక్కుతూ ఉంటుంది. తలనొప్పి పెరుగుతూ పోవడం, వాంతులు ఆగకపోవడం, మత్తుగా జోగడం, ఒక కంటిపాప పెద్దదవడం, ఫిట్స్, చెయ్యో కాలో బలహీనపడడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో కూర్చోపెట్టి చూసే సమయం లేదు.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి. ముందు మెడ నొక్కి చూసింది. తర్వాత కుర్రాడి చెంప ఎముక మీదుగా బొటనవేలు నడిపింది, మెట్టులా తగులుతుందేమోనని. ఎడమ చెంప, పై పెదవి మొద్దుబారాయా అని అడిగింది. కంటి కింద ఎముక విరిగితే అక్కడి నరం నలిగి మొద్దుబారుతుంది. తన వేలు వెంట చూపు తిప్పమంది, పైకి చూసినప్పుడు ఒకటి రెండుగా కనిపిస్తోందా అంది. పళ్ళు కొరికి చూడమంది. ఎప్పుడూ కలిసే చోట కలవకపోతే దవడ విరిగినట్టే. చివరికి టార్చి వేసి ముక్కు లోపల చూసింది. మధ్య గోడకి ఇరువైపులా మెత్తటి ఉబ్బు కనబడితే అందులో రక్తం చేరినట్టు, వెంటనే తీసేయాలి, లేకపోతే మృదులాస్థి చచ్చిపోయి ముక్కు దూలం కుంగిపోతుంది. ఇవేవీ లేవు. మోకాలు రెండంగుళాలు కిందికి తగిలి ఉంటే ఇందులో రెండు మూడు ఉండేవి.

రెండు వాంతులు, చెరిగిపోయిన జ్ఞాపకం. సి.టి. తీయాల్సిందే అంది. పన్నెండున్నరకి ఫిల్ము వచ్చింది. రక్తస్రావం లేదు, ఎముక విరగలేదు.

"అయితే ఏం కాలేదన్నమాట," అన్నాడు కెప్టెన్. మ్యాచ్ 29-31తో ఓడిపోయి, బనీను కూడా మార్చకుండా బండి మీద వచ్చాడు పాపం.

"ఏం కాలేదని కాదు తమ్ముడూ, రక్తం కారలేదని. కంకషన్ ఇందులో కనపడదు." కాగితం వెనక రాస్తూ చెప్పింది. మొదటి రెండు రోజులు ఇంటి పట్టునే, ఫోన్ బాగా తగ్గించాలి. అలా అని చీకటి గదిలో పడుకోబెట్టక్కర్లేదు, చిన్నగా నడవచ్చు. నొప్పికి పారాసెట్మాల్ ఒక్కటే, ఆస్పిరిన్, బ్రూఫెన్ వద్దు. ముందు కాలేజీ, ఆ తర్వాతే ఆట. పుస్తకం పట్టుకుంటే తలనొప్పి వస్తే ఆపాలి, వచ్చే నెల ప్రాక్టికల్స్ ఉన్నా సరే. ఆటలోకి మెట్టు మెట్టుగా వెళ్ళాలి, ఒక్కో మెట్టుకీ కనీసం ఒక రోజు. నడక, పరుగు, ఒంటరిగా కాళ్ళ కదలికలు, జట్టుతో పట్టు లేని సాధన. అక్కడ ఆగి డాక్టరుకి చూపించుకోవాలి. ఆ తర్వాతే ఎవరి కాలైనా పట్టుకోవడం. ఈ వయసులో ఒక్కోసారి నెల పడుతుంది.

"ఉగాదికి టోర్నమెంటుందండి," అన్నాడు కెప్టెన్. ఆమె తలెత్తి చూసింది. ఇంకేమీ అనలేదతను.

ఇంటికొచ్చేసరికి రెండయింది. నాయనమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. "తలకి దెబ్బ తగిలినోణ్ణి నిద్దరపోనివ్వకూడదర్రా," అంది. ఇది పెద్దవాళ్ళందరూ అనే మాటే. డాక్టరు చూసి, స్కానింగు తీసి పంపాక నిద్ర మంచిదే, పక్కన ఒక మనిషి ఉంటే చాలని మేస్టారు ఆవిడకి రెండుసార్లు చెప్పారు. ఆవిడ ఒప్పుకోలేదు, కాని దుప్పటి తెచ్చి కప్పింది. కుర్రాడు నిద్రపోయేలోపు ఇంకో నాలుగుసార్లు అడిగాడు, ఎవరు గెలిచారని. అమ్మ ప్రతిసారీ మొదటిసారి చెప్పినట్టే చెప్పింది.

ముక్కనుమ పొద్దున్న. పెరట్లో కొబ్బరాకుల మధ్య నుంచి ఎండ. మీరు వెళ్ళేసరికి కుర్రాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎడమ కణత నేరేడుపండు రంగుకి తిరిగింది. వెలుతురు పడక ఒక కన్ను సగం మూసుకున్నాడు. అమ్మ గ్లాసుతో కాఫీ ఇచ్చింది.

"నిన్న ఎవరు గెలిచారమ్మా?"

గ్లాసు ఇచ్చిన చెయ్యి అక్కడే ఆగింది. "వాళ్ళేరా. రెండు పాయింట్లతో."

"అయ్యో," అన్నాడు. కాఫీ తాగాడు. ఆవిడ లోపలికి వెళ్ళలేదు. పొయ్యి మీద పాలున్నాయని నాయనమ్మ కేకేసినా కదల్లేదు. గుమ్మానికి ఆనుకుని వాడి పెదాల వైపే చూస్తూ నిలబడింది. అయిదు నిమిషాలు. పది. వీధిలో గంగిరెద్దు వాళ్ళ సన్నాయి వినబడి దూరమైంది. కుర్రాడు తలెత్తాడు.

"అమ్మా, ఏంటలా చూస్తున్నావు?"

"ఇంకేం అడగవా?"

"ఏం అడగాలి? ఓడిపోయామని ఇందాకే చెప్పావుగా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.